ఏడు గోడలు దాటిన తూటా

మా మండలంలో తుపాకీ లైసెన్సు ఉన్నవాళ్లం పదకొండు మందిమి. మిగతా పదిమంది తూటాలూ ఎక్కడో ఒకచోట ఆగుతాయి. బయలుదేరితే ఏడు గోడలు దాటందే ఆగని తూటా మాత్రం నా ఒక్కడిదే. ఇది నేను చెప్పుకుంటున్న గొప్ప కాదు. జిల్లా ఆయుధాల ఆఫీసు ఫైలులో, పదిహేడో గడిలో, స్పష్టంగా రాసి ఉంది. దాని కింద ఎర్ర సిరా గీత, గీత కింద సంతకం, సంతకం మీద రబ్బరు ముద్ర. రాసిన చేయి నాదేననుకోండి, అది వేరే సంగతి.

నన్ను మద్దిలేటి అంటారు. ఊరు గుండ్లకొట్టాల. మా ఊరి బడిలో ఐదో తరగతి వరకే చదువు ఉండేది, దాన్నంతా నేను చదివేశాను. మిగతాది టీ అంగడి దగ్గర నలుగురికీ చెబుతూ నేర్చుకున్నాను. తుపాకీ మా నాయన సంపాదించింది. ఒంటి గొట్టం, పన్నెండు బోరు. వేరుశనగ చేలో అడవి పందులు పడకుండా ఉండడానికని ఆయన అర్జీ పెట్టుకుంటే, అర్జీ రాసిన గుమాస్తా ఎవరో ఉత్సాహం కొద్దీ "గృహరక్షణ కొరకు కూడా" అని కలిపాడు. మా ఇంట్లో దొంగ ఎత్తుకుపోదగ్గ వస్తువు ఆ తుపాకీ ఒక్కటే. కాబట్టి దాన్ని అదే కాపాడుకుంటూ ఉండేది.

మావి వరసగా కట్టిన మట్టి మిద్దెలు. ఒక్కో ఇంటికి పక్కింటితో గోడ ఉమ్మడి. నా ఇంటికీ మాబున్ని ఇంటికీ మధ్య ఉన్నది మూరన్నర మందం గోడ. మాబున్ని నాకంటే పదేళ్లు చిన్నది, భర్త పోయాక పరుపులు కుట్టి బతికిన మనిషి, నన్ను అన్నా అంటుంది, తప్పు చేస్తే ఏమైనా అంటుంది. ఆ గోడలో దీపం పెట్టుకునే గూడు ఒకటి రెండువైపులా తెరిచి ఉంటుంది. ఒక దీపం రెండిళ్లకు వెలుగివ్వాలని పెద్దలు అట్లా కట్టించారు. కరెంటు వచ్చాక దీపం పోయింది గానీ గూడు పోలేదు. చింతపండు, చాడీలు, పండగ రోజు సేమియా పాయసం, అన్నీ దాని గుండానే అటూ ఇటూ నడుస్తుంటాయి.

ఇట్లా ఉండగా జిల్లా ఆఫీసుకు పరాంకుశం గారని కొత్త అధికారి వచ్చాడు. నగరంలో మూడు రోజుల శిక్షణ పూర్తి చేసుకుని వచ్చిన మనిషి. అక్కడ ఎవరో ఆయనకు పాఠం చెప్పారట. ఇంట్లో దూరిన దొంగను కాలిస్తే తూటా దొంగ దగ్గర ఆగదు. దొంగలోంచి గోడలోకి, గోడలోంచి పక్కింట్లోకి పోతుంది. అక్కడ పడుకున్నవాళ్లకు దొంగ వచ్చిన సంగతే తెలియదు. కనుక ఇంట్లో తుపాకీ పెట్టుకున్నవాడు గట్టిగా కొట్టే తూటా కాదు, కొట్టి ఆగే తూటా ఎంచుకోవాలి.

ఈ మాటలో నేను ఒక్క తప్పు కూడా పట్టలేను. పరాంకుశం గారు కూడా పట్టలేకపోయారు. తప్పు లేని మాట ఒకటి దొరికిందంటే ఆఫీసు దాన్ని ఊరికే వదలదు. రెండు వారాల్లో "లక్ష్యాతీత గమన నివారణ పథకము" అని పేరు పెట్టి, నలభై ఒక్క గడులున్న ఫారం అచ్చు వేయించారు.

లైసెన్సు తిరగరాయించుకునే రోజున మా పదకొండు మందినీ ఆఫీసు వరండాలో వరసగా నిలబెట్టి ఫారాలు ఇచ్చారు. పదహారో గడి దాకా ఇబ్బంది లేదు. పేరు, తండ్రి పేరు, ఇంట్లో నిద్రపోయే దిక్కు, అట్లాంటివి. పదిహేడో గడిలో, "మీ తూటా గరిష్ఠముగా ఎన్ని గోడలు దాటగలదు?" అని ఉంది. నా ముందు నిలబడిన పక్క ఊరి పెద్దమనిషి కళ్లజోడు సవరించుకుని "మూడు" అని రాయడం చూశాను. మూడు రాసినవాడి వెనక నిలబడి ఒకటి అని రాయడానికి నాకు చేయి రాలేదు. నాలుగు రాస్తే వాణ్ని చూసి రాసినట్టుంటుంది. ఏడు రాశాను. పద్దెనిమిదో గడిలో, "దాటిన పిదప ఎవరి ఇంట ఆగును?" అని ఉంది. "ఆగదు" అని రాశాను.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే మా ఇంటిది తిమ్మక్క, ముప్పై ఏళ్లుగా ఆ తూటా ఏ గోడ దాటిందో ఒక్కటి చూపించమంది. నేను స్నానానికి నీళ్లు కాగాయా అని అడిగాను.

పది రోజుల తర్వాత జీపు వచ్చింది. పరాంకుశం గారు, ఆయన వెనక టేపు పట్టుకుని ఒక సర్వేయరు. ఈ సర్వేయరు నోరు లేని మనిషి, కానీ కొలవమంటే గాలిని కూడా కొలిచి రాసే రకం. నా ఇంటి నడిమధ్య మేకు కొట్టి, అక్కడి నుంచి గోడలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. దొంగ ఏ దిక్కున నిలబడతాడో ముందుగా తెలియదు కాబట్టి నాలుగు దిక్కులా లెక్కపెట్టాలన్నారు.

గోడలు లెక్కపెట్టడం అంత తేలిక కాదని అప్పుడే తెలిసింది. మాబున్ని ఇంట్లో జొన్నల గాదె గోడ కిందికి వస్తుందా రాదా అని అరగంట చర్చ జరిగింది. జొన్నలు నిండుగా ఉంటే గోడ, ఖాళీగా ఉంటే బుట్ట అని తేల్చారు. సగమే ఉంది కనుక అరగోడగా రాశారు. ఒకరింట్లో ఐదు పరుపులు దొంతరగా ఉంటే వాటిని "మెత్తని అడ్డంకి" అన్నారు. దీపం గూడు దగ్గర సర్వేయరు ఆగిపోయి, తూటా ఇందులోంచి పోతే గోడ దాటినట్టా, దాటనట్టా అని రాతపూర్వకంగా అడిగాడు. పరాంకుశం గారు చాలాసేపు ఆలోచించి, "గోడ ఉన్నది, అయితే గోడ లేదు. పైవారి సలహా నిమిత్తము పంపుదాము" అన్నారు.

మొత్తానికి ఏడు గోడలు తూర్పున అంగన్‌వాడీ దాకా, పడమరన బడి వరండా దాకా తేలాయి. మధ్యలో తొమ్మిది ఇళ్లు. వారం తిరక్కుండా తొమ్మిది ఇళ్ల తలుపులకూ కాగితాలు అంటించారు. సదరు గృహములు తూటా గమన మార్గములో ఉన్నందున, ప్రజా ప్రాణ రక్షణ దృష్ట్యా, అందులోనివారు పదిహేను దినములలో ఖాళీ చేయవలెను. గోడల సామర్థ్యము నిరూపణ అయిన పిదప తిరిగి ప్రవేశించవచ్చును. నా తలుపుకు మాత్రం ఏమీ అంటించలేదు. తుపాకీ ఉన్నవాడికి తన తూటా నుంచి ప్రమాదం లేదట.

ఆ సాయంత్రం నేను పీట మీద కూర్చుని అన్నం తింటుంటే దీపం గూట్లోంచి మాట వచ్చింది.

"అన్నా, నువ్వు రాసిన ఏడు గోడల్లో నాది ఎన్నోది?"

"మొదటిది" అన్నాను.

"మొదటి గోడకే నిలబడిపొయ్యే తూటా అని ఏంటికి రాయకపోతివి? నా బిడ్డకు ఈ నెలాఖరుకు కాన్పు. ఇంత వానలో, నిండు చూలాలిని యాడికి పిల్చకపోవల్ల?"

మాబున్ని కూతురు దస్తగిరమ్మ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. గోడకు ఆనుకున్న గదే వాళ్లకున్న వాననీళ్లు కారని గది. అందులో పాత చీరలన్నీ ఉతికి మడిచి, పసిబిడ్డకు పొత్తిగుడ్డలు చించి పెట్టుకున్నారు. బడి వరండాలో ఉంచుదామంటే ఏడో గోడ అదే.

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. ఆఫీసుకు పోయి మాట్లాడతానన్నాను. తిమ్మక్క చెంబు నా ముందు పెడుతూ, మాట్లాడేదేముంది, ఆ గొట్టాన్ని అక్కడే పారేసి రమ్మంది. నాకు ఆ మాట వినపడలేదు. మా నాయన వస్తువు. అది పోతే టీ అంగడి దగ్గర నేను దేని గురించి చెప్పాలి?

మర్నాడు ఆఫీసుకు పోయి లైసెన్సు గుమాస్తా ముందు నిలబడి అసలు సంగతి ఒప్పుకున్నాను. ఇక్కడ మీకు కూడా ఒప్పుకుంటాను. ముప్పై ఒక్క ఏళ్లలో నేను తుపాకీ పేల్చింది నాలుగు సార్లు. రెండుసార్లు పెళ్లి ఊరేగింపుల్లో ఆకాశం మీద. ఆకాశానికి తగిలింది. మూడోసారి అడవి పంది మీద గురిపెడితే మా బోరు మోటారు పెట్టె పగిలింది, పంది మాత్రం కాసేపు నిలబడి చూసి పోయింది. నాలుగోసారి తుపాకీ తుడుస్తూ ఇంట్లోనే పేల్చుకున్నాను. ఎదురుగా కుండ ఉంటే అది కూడా పగల్లేదు. కానీ చప్పుడు ఏడిళ్లకు వినపడింది. ఏడు గోడలు దాటింది తూటా కాదు నాయనా, ఆ చప్పుడు.

గుమాస్తా అంతా శ్రద్ధగా విన్నాడు. పదిహేడో గడిలో అంకె మార్చుకోవచ్చునన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అయితే పెంచుకోవడానికే వీలుందట. తగ్గించుకోవడం ప్రజా భద్రతకు విరుద్ధం. అబద్ధం రాశానని రాసి ఇస్తానంటే, అట్లాంటి గడి ఫారంలో లేదన్నాడు.

పరాంకుశం గారు నన్ను లోపలికి పిలిపించి దయతో మాట్లాడారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పాలి. ప్రత్యామ్నాయ మార్గము ఒకటి కలదన్నారు. నా ఇంటి ఉత్తరపు గోడ రాతిది, దాని వెనక చేలు తప్ప ఇళ్లు లేవు. దొంగ ఆ గోడకు వీపు పెట్టి నిలబడితే తూటా వల్ల ఎవరికీ ప్రమాదము లేదు. కాబట్టి దొంగకు నిర్ణీత స్థలము ఏర్పాటు చేయవలెను.

అట్లా మా ఇంట్లో సున్నంతో రెండడుగుల గుండ్రం గీశారు. వాకిట్లో రేకు బోర్డు కట్టారు. "ఇంట ప్రవేశించు దొంగలకు సూచన: ఉత్తరపు గోడ వద్ద గల గుండ్రము లోపల మాత్రమే నిలబడవలెను. అతిక్రమించినవారు తమ భద్రతకు తామే బాధ్యులు." వచ్చేపోయేవాళ్లు ఆగి చదువుకుని లోపలికి తొంగి చూసి పోయేవాళ్లు. తిమ్మక్క ఆ గుండ్రంలో మిరపకాయలు ఆరబోసింది. సర్వేయరు మళ్లీ వచ్చి, స్థలము వేరే అవసరానికి వినియోగింపబడుచున్నది అని రాసుకున్నాడు. నాలుగు రోజులకు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. దొంగ యొక్క లిఖితపూర్వక సమ్మతి జతపరచనందున ప్రత్యామ్నాయ మార్గము తిరస్కరించడమైనది.

పదిహేను రోజుల్లో ఎనిమిది అయిపోయాయి. దస్తగిరమ్మ నడుం పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. దీపం గూట్లోంచి చింతపండు రావడం ఆగిపోయింది. మాటలు అంతకుముందే ఆగిపోయాయి.

ఇక మిగిలింది ఒక్కటే దారి. నా తూటా గోడ దాటదని ఆఫీసువాళ్ల ఎదుట కాల్చి చూపించడం. దానికి తగ్గ తూటా కోసం టౌనుకు పోయాను. అక్కడ తుపాకుల దుకాణం నడిపేది ఒక ముసలి సాయిబు. ముప్పై ఏళ్లుగా ఆయన దగ్గరికి వచ్చినవాడల్లా అన్నిటికంటే గట్టిది అడిగినవాడే. అన్నిటికంటే నీరసమైనది కావాలని నేనంటే ఆయన సురమా పెట్టిన కళ్లు పైకెత్తి నన్ను రెండుసార్లు చూశాడు. మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో ఒకే లావుపాటి గుండు. అది దొంగను దాటి ఊరు కూడా దాటుతుందన్నాడు. రెండోదాంట్లో బఠాణీలంత గుళ్లు ఏడెనిమిది, పందులకు. మూడోదాంట్లో ఆవగింజల్లాంటివి నాలుగు వందలు, పిట్టలకు. ఇంట్లోవాళ్లకు, పొరుగువాళ్లకు ఏమవుతుందోనని భయం ఉన్నవాడు ఇదే పెట్టుకోవాలి, దగ్గరున్న దొంగకు గట్టిగానే తగులుతుంది గానీ మందపాటి మట్టిగోడలో వేలెడు లోతు కూడా పోదు అన్నాడు. జిల్లా ఆఫీసు నాలుగు నెలలుగా నలభై ఒక్క గడుల్లో వెతుకుతున్న సంగతిని ఆ ముసలాయన బీడీ వెలిగించుకునేలోపు చెప్పేశాడు.

దానికంటే నీరసమైనది లేదా అని అడిగాను.

"ఉంది. ఇంటికి పోయి తిరగమాత వేసుకో" అన్నాడు.

నేను ఇంకా తెలివి చూపించి, దుకాణంలో చెమ్మ తగిలి మూలపడిన పాత డబ్బా ఇమ్మని అడిగి తెచ్చుకున్నాను.

పరీక్ష ఆఫీసు ఆవరణలో పెట్టారు. అందుకని ప్రత్యేకంగా ఇటుకలతో గోడ ఒకటి కట్టించారు. నిన్న కట్టిన గోడ, పైన తెల్లగా సున్నం, మీద "ప్రామాణిక గోడ" అని నీలం అక్షరాలు. పరాంకుశం గారు కుర్చీలో కూర్చున్నారు. మొదటి గోడ యజమానురాలి హోదాలో మాబున్నిని సాక్షిగా పిలిచారు. ఆమె నాతో బస్సులో రాలేదు, ముందు బస్సులో వచ్చింది.

నేను గురిపెట్టి నొక్కాను. చెమ్మ తగిలిన తూటా తుస్సుమనలేదు కూడా. నా మొహం వెలిగిపోయింది. చూశారా సార్, దాటలేదు అన్నాను. పరాంకుశం గారు ఫైలు మీద రాస్తూ, "బయలుదేరని తూటా దాటలేదనుట న్యాయము కాదు. దాని సామర్థ్యము ఇంకనూ అలాగే నిలువ యున్నది" అన్నారు.

రెండోది పెట్టాను. అది పేలింది. పొగ చెదిరాక చూస్తే గోడ లేదు. ఇటుకలన్నీ కుప్పగా ఉన్నాయి, ఇసుక ఇంకా జారుతూనే ఉంది. ఆవగింజలన్నీ ముందువైపు సున్నంలోనే అతుక్కుని ఉన్నాయని సర్వేయరు కుప్పలో వేలు పెట్టి చూపించాడు. గోడ కూలింది చప్పుడుకే. కానీ అట్లా రాస్తే గోడ కట్టించినవాళ్ల మీదికి పోతుంది. తూటా మీద రాస్తే నా మీదికి వస్తుంది. పరాంకుశం గారు కొద్దిసేపు కలం గాల్లో ఉంచి, తర్వాత రాశారు. తూటా గోడను దాటుటయే గాక, గోడను సైతము వెంటబెట్టుకొని పోయినది. ఏడు గోడల సంఖ్యను తొమ్మిదికి పెంచు విషయము పరిశీలనలో ఉన్నది.

తొమ్మిదంటే తూర్పున పశువుల ఆసుపత్రి కూడా వస్తుంది. నేను కుప్ప పక్కన కూలబడ్డాను. అప్పుడు మాబున్ని కొంగు నడుముకు బిగించి ఆయన ముందుకు వచ్చింది.

"సారూ, మీరు కట్టిన గోడలు మాకొద్దు. మా మామ కాళ్లతో తొక్కి కట్టిన గోడ ఉండాది. దాని మీద కాల్చమనండి. నేను అవతల కూర్చుంటా. నాకేమీ కాకుంటే నా బిడ్డను ఇంట్ల ఉండనిస్తారా?"

ఎవరైనా ఆ మాటకు వద్దంటారని నేను అనుకున్నాను. పరాంకుశం గారి మొహం వికసించింది. పథకంలో ఇరవై మూడో గడి మొదటి నుంచీ ఖాళీగా ఉందట. "గోడకు అవతల ఉండు స్వచ్ఛంద వ్యక్తి." మాబున్ని వేలిముద్ర వేసింది.

మర్నాడు ఉదయం పదింటికి జీపు మళ్లీ వచ్చింది. దస్తగిరమ్మను నాలుగిళ్ల అవతల ఒకరింట్లో కూర్చోబెట్టారు. వరస ఇళ్లవాళ్లందరూ బయట వానలో నిలబడ్డారు. మా ఇంట్లో గోడ మీద, దీపం గూటికి మూడడుగుల దూరంలో, సర్వేయరు బొగ్గుతో గుండ్రం గీశాడు. మాబున్ని తన ఇంట్లోకి పోయి సరిగ్గా ఆ గుండ్రానికి అవతల పీట వేసుకుని కూర్చుందని ఆయనే పోయి చూసి వచ్చి, దూరం కొలిచి రాశాడు. పరాంకుశం గారు గడియారం చూసుకున్నారు.

నేను తుపాకీ ఎత్తాను. నాకు అన్నీ తెలుసు. ఆవగింజలని తెలుసు. మూరన్నర గోడ అని తెలుసు. వేలెడు లోతు పోదని తుపాకులతోనే తల నెరిసిన సాయిబు చెప్పాడు. పోయినేడు ఎదురుగా ఉన్న కుండ పగలగొట్టలేని తుపాకీ అని నాకంటే ఎవరికి బాగా తెలుసు? నొక్కితే తొమ్మిది ఇళ్ల కాగితాలు పోతాయి. దస్తగిరమ్మ తన గదిలోకి పోయి పడుకుంటుంది. నొక్కాల్సింది అంతే.

గోడ అవతల మాబున్ని ఊరికే కూర్చోలేదు. వేరుశనక్కాయలు వొలుస్తోంది. ఒక్కో కాయ చిట్లిన చప్పుడు గూట్లోంచి నాకు వినపడుతోంది. కాయ చిట్లుతుంది, గింజ చాటలో పడుతుంది, మళ్లీ కాయ. ఆమె పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచి గోడ అవతల చేసే చప్పుళ్లన్నీ నాకు తెలుసు. చెమట కంట్లోకి దిగింది. బొగ్గు గుండ్రం రెండైంది, మూడైంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ తుపాకీకి అవతల మనిషి ఉండడం అదే మొదటిసారి.

నేను తుపాకీ దించాను. నెమ్మదిగా నడిచి పోయి పరాంకుశం గారి చేతుల్లో పెట్టాను. ఇల్లంతా వినపడేట్టు, "ఈ తుపాకీ మీరే ఉంచుకోండి సార్. మాకు గోడ చాలు" అన్నాను.

తిమ్మక్క కొంగుతో మొహం తుడుచుకుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె నన్ను అట్లా చూడడం అదే తొలిసారి.

తుపాకీ జిల్లా ఆఫీసుకు చేరింది. దాన్ని రికార్డు గదిలో బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇంక అంతా అయిపోయిందని అందరూ అనుకున్నారు, సర్వేయరు తప్ప. పథకంలో తుపాకీ ఎక్కడ ఉంటే అక్కడ నుంచి ఏడు గోడలు లెక్కపెట్టవలెనని రాసి ఉంది. ఆయన్ను ఎవరూ ఆపలేదు. బీరువా ముందు మేకు కొట్టి టేపు పట్టుకుని బయలుదేరాడు. రెండో గోడకు లైసెన్సు గుమాస్తా కుర్చీ వచ్చింది. మూడో గోడకు పరాంకుశం గారి గది. ఐదో గోడకు ఆవరణ దాటి, ఏడో గోడకు పరాంకుశం గారి క్వార్టర్స్‌లో పడకగది వచ్చింది.

ఖాళీ చేయవలెనని కాగితం తయారైంది. కింద సంతకం చేయాల్సిన అధికారి ఆయనే. సంతకం చేసి, తనకే పంపుకున్నారు. అందుకుని, గడువు పొడిగించవలసిందిగా తనకే అర్జీ పెట్టుకున్నారు. ప్రజా భద్రత విషయములో మినహాయింపు లేదని ఆ అర్జీని తామే తిరస్కరించారు. నియమం తప్పని మనిషి. ఆ రోజే క్వార్టర్స్ ముందు లారీ ఆగిందని, ఆయన భార్య మిక్సీ ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీద మడత కుర్చీలో కూర్చుని ఆయనతో చాలాసేపు మాట్లాడిందని గుమాస్తా చెప్పాడు. ఏం మాట్లాడిందో ఏ గడిలోనూ లేదు.

మర్నాడు ఉదయానికల్లా కొత్త ఉత్తర్వు వచ్చింది. సమగ్ర పునఃపరిశీలన మీదట, తూటాలు సాధారణముగా మొదటి గోడ వద్దనే ఆగునని నిర్ధారణ అయినది. తలుపుల మీద కాగితాలు చింపేశారు. గడువు ముగియడానికి అప్పటికి మూడు రోజులుంది. దస్తగిరమ్మకు ఆ గదిలోనే, రెండో రోజు మధ్యాహ్నం, ఆడపిల్ల పుట్టింది. ఏడుపు దీపం గూట్లోంచి వచ్చి మా ఇంట్లో కుండల మీద మోగింది. పిల్ల గొంతు అచ్చం మాబున్నిదే.

తుపాకీ వచ్చి తీసుకుపోవచ్చునని నాకు రెండుసార్లు ఉత్తరం వచ్చింది. పోలేదు. పందులు వస్తే రేకు డబ్బా వాయిస్తున్నాను. మోటారు పెట్టె కూడా క్షేమంగా ఉంది.

ఇంతసేపు ఓపికగా చదివారు కాబట్టి ఒకటి ఒప్పుకుంటాను. దొంగ కోసం గీసిన గుండ్రం నా కల్పన అనుకుంటున్నారేమో, గుండ్రం నిజం. గోడ కూలింది నిజం. పరాంకుశం గారు తన అర్జీని తాను తిరస్కరించుకున్నది కూడా నిజం, నకలు ఉంది. నేను కల్పించింది ఒక్కటే. నేను తుపాకీ దించలేదు. అది నా చేతుల్లోంచి జారి నా కాలి బొటనవేలి మీద పడింది. పేల్చే ముందు వెనక్కి లాగాల్సిన కొక్కెం లాగడం మరిచిపోయాను కాబట్టి పేలలేదు. నేను కాలు పట్టుకుని కింద కూర్చుని ఉంటే, పరాంకుశం గారు మళ్లీ ఎత్తమని చెప్పబోతుంటే, ఆ మాట గోడ అవతలి నుంచి వచ్చింది. ఆ తుపాకీ మీరే ఉంచుకోండి సారూ, మాకు గోడ చాలు అని మాబున్ని అంది. అంటున్నంతసేపూ కాయలు వొలవడం ఆపలేదు.